అప్పయమ్మ బొట్టు పెట్టిన కెమెరా

విశ్వకర్మ పూజ నాటి పొద్దున్న శ్యామసుందర్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఆయన భిలాయి ఉక్కు కర్మాగారంలో నక్షాలు గీసే డ్రాఫ్ట్‌మన్. ఆఫీసులో డ్రాయింగు బల్లలకి పూజ కాగానే ప్రసాదం నోట్లో వేసుకుని మధ్యాహ్నానికల్లా ఖుర్సీపార్ క్వార్టరుకి వచ్చేస్తాడు. సాయంత్రం ప్లాంటువాళ్లు కొలిమిలో ఇనుము మీద తేలే మరిగే మడ్డిని, స్లాగుని, గుట్ట మీద ఒంపుతారు. అప్పుడు ఆకాశం సగం ఎర్రబడుతుంది. ఆ ఎరుపుని అరువు తెచ్చిన రెండు కెమెరాలతోనూ మేడ మీంచి తీస్తాడు. ఏది బాగా తీస్తే అది కొంటాడు, కొని సినిమా తీస్తాడు. ఇది పదేళ్ల కల.

కెమెరాలు రెండూ మార్కెట్లో ఫొటో స్టూడియో నడిపే బంగార్రాజువి. ఒకటి కీ ఇచ్చి తిప్పే పాత ఫిల్ము కెమెరా. చవకే గానీ రీలు బొంబాయి వెళ్లి కడిగించుకుని వచ్చేసరికి నెల పడుతుంది. రెండోది వీడియో కెమెరా. ఎత్తితే భుజం కుంగుతుంది, కొంటే శ్యామసుందర్ కూడబెట్టిందంతా ఊడ్చుకుపోతుంది.

"సాయంత్రం ఏడింటికి వీసీఆర్ పట్టుకుని నేనే వస్తాను భయ్యా. వీడియోది చూసుకుని తేల్చీ, రీలు కోసం ఆగితే కుదరదు. లేదంటే రేపు రాయపూర్ పార్టీ పట్టుకుపోతాడు," అన్నాడు బంగార్రాజు.

భార్య అహల్య షరతు వేరే ఉంది. "నా కంటికి కనబడ్డ ఎరుపు దాన్లోనూ కనబడాలండీ. లేకపోతే ఆ డబ్బు పోస్టాఫీసు గడప దాటదు," అని ఆవిడ ఇరుగుపొరుగు వినేలాగే చెప్పింది.

ఆ పొద్దున్న శ్యామసుందర్ వీడియో కెమెరాలో క్యాసెట్టు పెట్టి, కరెంటు వైరుకి తగిలించి, బల్ల మీద గుమ్మంవైపు తిప్పి పెట్టి మురిసిపోతుండగా ప్లాంటు సైరను మోగింది. స్విచ్చి ఆపడం మరిచి సైకిలెక్కేశాడు.

ఇంట్లో మిగిలింది అహల్య, విజయనగరం నుంచి వచ్చిన ఆవిడ తల్లి అప్పయమ్మ. కిటికీలోంచి చూస్తే వీధంతా పూజలే. ఒకళ్లు రిక్షాకి, ఒకళ్లు రంపానికి, పక్కింటి నూకరత్నం కుట్టుమిషనుకి బంతిపూలు కడుతున్నారు.

"అందరి పనిముట్లకీ పూజ అవుతాంది. మా అల్లుడి పనిముట్టుకి దిక్కునేదేటి?" అని అప్పయమ్మ కొంగు బిగించింది.

పొడిబట్టతో కెమెరా తుడిచింది. ముందు గాజుకున్న మూత చూసి, మొహానికి మూతేమిటని తీసేసింది. గాజు మీద, నుదురుండవలసిన చోట, కుంకుమ పెట్టింది. మెడలో దండ వేసింది. ఒక్కొక్క మీటకీ గంధం బొట్టు, అదీ బొటనవేలితో గట్టిగా అదిమి మరీ పెట్టింది. వాటిలో ఒక మీట నొక్కగానే చిన్న ఎర్రదీపం వెలిగింది. దేవుడు పలికాడని అప్పయమ్మ ఒళ్లు జలదరించి, అక్కడే సాష్టాంగపడింది.

ఈ సంగతి నూకరత్నానికి చెప్పింది. నూకరత్నం సంగతి దాచుకునే మనిషైతే ఈ కథే లేదు.

శ్యామసుందర్ తిరిగి వచ్చేసరికి గుమ్మంలోంచి సందు చివరిదాకా వరస ఉంది. ఒక్కొక్కళ్లే లోపలికి వెళ్తున్నారు, తలుపు చేరవేసుకుంటున్నారు, కళ్లు తుడుచుకుంటూ బయటికి వస్తున్నారు. వాళ్లని తోసుకుని వెళ్లి కెమెరాని చూసి గుండె పట్టుకున్నాడు. ఎర్రదీపం అప్పటికి ఆరిపోయింది. గాజు మీది కుంకుమ మాత్రం చెక్కుచెదరలేదు.

"అత్తయ్యగారూ, అది నాది కాదు! సాయంత్రం దాంతో తీసి చూపించాలి. ఇలా ఇవ్వండి, తుడుస్తాను."

"ఇయ్యాళ పూజ సేసిన పనిముట్టు ఇయ్యాళ ముట్టుకోకూడదు బాబూ. మీ ఆపీసులో ఇయ్యాళ ఒక్క గీతైనా గీసినారేటి?"

"లేదు."

"మరింకేటి?"

ఆ పొద్దున్నే ఆఫీసులో పెన్సిలు ముట్టుకోబోయిన కుర్ర ఇంజనీరుని చివాట్లు పెట్టింది శ్యామసుందరే. ఫిల్ము కెమెరా వైపు చూశాడు. దానికీ బొట్టుంది.

సాయంత్రం వట్టి చేతులతో మేడెక్కాడు. స్లాగు ఒంపారు. గుట్ట వెనక నిప్పు ఏరులా జారింది. మబ్బుల అడుగున ఎరుపు పాకి, ఖుర్సీపార్ ఇళ్ల కప్పులన్నీ రాగిరేకుల్లా మెరిశాయి. ఇరవయ్యేళ్లుగా చూస్తున్నదే అయినా ఆయనకి ఊపిరి ఆగినంత పనైంది. ఇంతటిదాన్ని చూపించే భాగ్యం తనకి లేదు కదా అని కళ్లనీళ్లు తిరిగాయి.

ఏడింటికి బంగార్రాజు వచ్చాడు. కెమెరాని చూసి "ఇదేటి భయ్యా, నా కొంప ముంచీసినావు!" అని అరిచాడు. అరిచేముందు దండ వేసి ఉంది కదా అని చెప్పులు విప్పి దండం పెట్టాడు. తర్వాత వంగి చూసి, "క్యాసెట్టు చివరిదాకా తిరిగీసింది! మూడు గంటలు ఏటి తీశావు?" అన్నాడు.

శ్యామసుందర్ తెల్లబోయాడు. క్యాసెట్టు తియ్యాలంటే కెమెరాని ముట్టుకోవాలి. వీల్లేదంది అప్పయమ్మ. చివరికి అవతలి పక్కింటి క్రేను ఆపరేటరు మరియదాసుని పిలిచి, "నీకు ఈ పట్టింపు నేదు గదా నాయనా, నువ్వు తియ్యి," అంది. మరియదాసు ముందుగా శిలువ గుర్తు వేసుకుని తీశాడు. క్యాసెట్టుకి బొట్టు పెట్టలేదు గనక దాన్ని చూడ్డానికి ఆవిడకి అభ్యంతరం లేకపోయింది.

మరియదాసు ఇంట్లో టీవీ ముందు అందరూ కూర్చున్నారు. బొమ్మ పడింది. గాజు మీది కుంకుమతో పై సగమంతా ఎర్రటి వెలుగు, సరిగ్గా ఇందాకటి ఆకాశమే. ఆ వెలుగు కింద అప్పయమ్మ మొహం, చేతులు జోడించి. తన మొహం తనని చూస్తుంటే అప్పయమ్మ మళ్లీ లేచి దండం పెట్టింది.

తర్వాత తెర మీదికి నూకరత్నం వచ్చి, "స్వామీ, మా సందులో ఆ మరియదాసు సైకిలు అడ్డంగా పెట్టకుండా సూడు," అంది.

గదిలో మరియదాసు దగ్గాడు. తెర మీద కూడా ఆయనే వచ్చాడు. అటూ ఇటూ చూసి, "ఎవరు వింటున్నారో నాకు తెలీదు గానీ, మూడేళ్లైంది. ఆ బంగార్రాజు నా పెళ్లిఫొటోలు ఇవ్వలేదు. మా ఆవిడ డైసీ రోజూ అడుగుతోంది," అన్నాడు. ఈసారి దగ్గు బంగార్రాజుది.

అలా పాతిక మంది తరవాత తలుపు మెల్లిగా తెరుచుకుని అహల్య వచ్చింది. గదిలోని అహల్య గభాల్న లేచి, "ఆపండి, చాలు!" అంది. ఎవరూ ఆపలేదు.

తెర మీది అహల్య చేతులు జోడించలేదు. కెమెరాకి దగ్గరగా కూర్చుంది. "పైకి షరతులు పెట్టాను గానీ, నాకు ఏ ఎరుపూ అక్కర్లేదు. గీతలు గీసీ గీసీ ఆయన ఇంట్లో మాట్లాడ్డమే మానేశారు. నిన్న నిన్ను భుజాన పెట్టుకుని నాతో అరగంట మాట్లాడారు. నువ్వు మా ఇంట్లోనే ఉండిపో," అంది.

అక్కడితో క్యాసెట్టు అయిపోయింది. అహల్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని డైసీ వంటింట్లోకి పారిపోయింది. శ్యామసుందర్ వెళ్లి ఆ తలుపు దగ్గర నిలబడ్డాడు. చెప్పాల్సిన మాటలు పదేళ్లవి ఉన్నాయి, ఏది ముందో తెలియలేదు.

బంగార్రాజు ముక్కు ఎగబీల్చి, "రాయపూర్ పార్టీకి నేను చెప్పుకుంటాను," అన్నాడు.

మర్నాడు కెమెరా శ్యామసుందర్‌దైంది. ఆ పూటే సందులోంచి సైకిలు మాయమైంది. సాయంత్రానికి పెళ్లిఫొటోలు వచ్చాయి. దాంతో ఈ స్వామికి చెప్పుకుంటే జరగనిది లేదని ఖుర్సీపార్ అంతా తేల్చేసింది.

ఇప్పుడు ఊరి అవతలి కొసనున్న రిసాలి నుంచి కూడా జనం వస్తున్నారు. సినిమా తీసుకోవడానికి కెమెరా ఒక్కరోజు ఖాళీగా దొరికేలా చూడమని అడగడానికి శ్యామసుందర్ కూడా ఆ వరసలోనే నిలబడుతున్నాడు.