రంగంటని చొక్కా

పని ముగించి ఇంటికి పోయేముందు చేతులకు రంగు పూసుకునే పెయింటర్‌ను మీరెక్కడైనా చూశారా? మట్టెవాడలో సారంగపాణి ఇల్లెక్కడని అడగండి, చూపిస్తారు. ఆ సారంగపాణిని నేనే.

దుకాణాల బోర్డులు రాసి రాసి నా మోకాళ్లు నిచ్చెనతో తెగతెంపులు చేసుకున్నాయి. అదే సమయానికి హన్మకొండలో ఒక వీడియో షాపాయన కంప్యూటర్ కొన్నాడు. ఆయన్ని అందరూ చల్లగది సారు అంటారు. కంప్యూటర్‌కు ఏసీ పెట్టించాడు మరి. ఇంట్లో భార్యకు ఫ్యాను కూడా లేదు. పెండ్లి వీడియో మొదట్లో కనిపించే లక్ష్మీదేవిని అందులో గీస్తే, కూర్చుని చేసే ఉద్యోగం ఖాయమన్నాడు.

చిక్కల్లా నా భార్య సరోజనతోనే. "కుంచె ఇడిస్తే లక్ష్మి ఇడుస్తది" అనేది ఆమె సిద్ధాంతం. అందుకే చెప్పకుండా నేర్చుకోసాగాను. కంప్యూటర్‌లో రంగులుంటాయి గానీ చేతికి అంటవు. శుభ్రమైన చేతులతో ఇంటికి పోతే దొరికిపోనూ? దారిలో రంగు డబ్బా మూత తీసి రెండు చేతులకూ పూసుకునేవాణ్ని.

"ఇయ్యాల ఏం బోర్డయ్యా?"

"బట్టల దుకాణం."

"మొన్న గూడ గదే అంటివి?"

"పెద్ద దుకాణం సరోజనా! పేరు గూడ పొడుగు."

"నిన్న చేతులకు ఎర్రరంగుండె. ఇయ్యాల పచ్చగున్నది."

"పేరు సగం ఎర్ర, సగం పచ్చ."

"జర నాకు సూపియ్యరాదు?"

"ఆరనీ!"

చివరికి లక్ష్మీదేవి తయారైంది, కండ్లు తప్ప. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏ దేవుడి బొమ్మకైనా కండ్లు ఆఖరున దిద్దాలి. ఇద్దరం తలస్నానం చేయాలి, నేను దిద్దుతుంటే సరోజన హారతి పట్టాలి. ఆమె హారతి లేకుండా ఇంతవరకు ఏ దేవుడూ నా చేతుల్లో కండ్లు తెరవలేదు.

"రెండు చుక్కలేనాయె, పెట్టవయ్యా! రేపే పెండ్లి. నీతోని కాకుంటే హైదరాబాద్ ఆయనను పిలుస్త" అన్నాడు సారు.

మీట మీదికి పోయిన వేలు ఆగిపోయింది. కరెంటు బొమ్మలోకి అమ్మవారు వస్తుందో రాదో నాకు తెలియదు. వస్తే మాత్రం మొదట అడిగేది "సరోజన ఏది?" అనే.

ఇంటికి పరుగెత్తాను. అంత తొందరలోనూ రంగు పూసుకోవడం మరవలేదు.

"సరోజనా, ఒక... కండ్లు దిద్దేదున్నది."

ఆమె అప్పటికే తడితలతో కూర్చుని ఉంది. పక్కన సంచిలో కొబ్బరికాయ, కర్పూరం.

"పా. కంప్యూటర్ కాడికే గద?"

రంగు చేతులు వెనక్కి దాచుకున్నాను.

"చేతులకు రంగు, చొక్కాకు సుక్క లేదు! పెండ్లయిన కాన్నుంచి నీ చొక్కాలు ఉతుకుతాన్న. మీద పడకుంట బోర్డు రాసే పనితనం నీకెప్పుడొచ్చిందయ్యా? ఒకనాడు నీ ఎనుకనే వచ్చి సూసిన, సారు పెండ్లాన్ని అడిగిన. ఇయ్యాల కండ్లు మిగిలినయని గూడ ఆమెనే చెప్పింది."

"మరి కుంచె ఇడిస్తే లక్ష్మి..."

"లక్ష్మినే గీస్తాంటివి, ఆమె ఎట్ల ఇడుస్తది? నీ మోకాళ్ల సంగతి నాకెరుక లేదా? నడువ్!"

కంప్యూటర్ గది ముందు అందరూ చెప్పులు విడుస్తున్నారు, దుమ్ము పడొద్దని. సరోజన ముఖం వెలిగింది. "గుడే గదయ్యా!"

కర్పూరం చూసి సారు గుండె ఆగినంత పనైంది. "అమ్మా, లోపల అగ్గి వద్దు!"

గాజు తలుపు బయటే నిలబడి ఆమె హారతి పట్టింది. లోపల నేను రెండు చుక్కలు పెట్టాను. అమ్మవారు చూసింది. ఎవరు కాదన్నా నేను నమ్మను.

"దీపంల ఉండే తల్లి కరెంటుల ఉండదా?" అంది సరోజన.

ఉద్యోగం ఖాయమైంది. మర్నాడు కడిగిన ముత్యాల్లాంటి చేతులతో దర్జాగా ఇంటికి వచ్చాను. సరోజన వాటిని తిప్పి తిప్పి చూసింది.

"మంచిగున్నయి. రంగు లేదు, వాసన లేదు" అని అంట్ల గిన్నెలు ముందుకు జరిపింది.

ఇప్పటికీ నా చేతులు ఖాళీగా లేవు. రంగు బదులు అంట్లు తోమే బూడిద, అంతే.