రెండు కోర్లా? నాలుగు కోర్లా?

ఆ శనివారం పొద్దున అనాదిబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. చాందనీ బజారుకు వెళ్ళాలి, కంప్యూటర్‌కు పాత ప్రాసెసర్ ఒకటి కొనాలి, తెచ్చి బిగించాలి, చేపల పులుసుతో అన్నం తిని ఓ కునుకు తీయాలి. సాయంత్రం అయిదింటికి భార్య సుపర్ణ పాట క్లాసు. ఉత్తర కోల్‌కతాలో ఇంతకంటే చిన్న పథకాలు కూడా మధ్యాహ్నానికల్లా వీధినపడ్డాయి గానీ, అనాదిబాబు ఆశాజీవి.

సుపర్ణ బళ్ళో భూగోళం చెబుతుంది. ప్రాణమంతా మాత్రం పాట మీదే. పెళ్ళయ్యాక అటకెక్కిన హార్మోనియం ఈమధ్యే కిందికి దిగింది. సిల్చార్ నుంచి, అగర్తలా నుంచి పిల్లలు కంప్యూటర్లో నేర్చుకుంటామని ముందుకొచ్చారు. కానీ చలి మొదలైన దగ్గర్నుంచీ ఆ కంప్యూటర్‌కు ఏం తెగులో, కాసేపు నడవడం, టప్పున ఆరిపోవడం. జరిగిన రెండు క్లాసులూ ఆరోహణ దాటలేదు.

"ఇవాళ కూడా ఆగిందంటే హార్మోనియం మళ్ళీ అటకెక్కుతుంది. ఈసారి దించమని నన్ను అడక్కండి" అని చెప్పి బడికి వెళ్ళింది సుపర్ణ. గొంతులో కోపం లేదు. అందుకే అనాదిబాబుకు భయం వేసింది.

చాందనీలో పాత సామాన్ల ఇమ్తియాజ్ రెండు ప్రాసెసర్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ పాత బోర్డుకు నప్పేవి ఇవే దాదా. ఇది రెండు కోర్లది, వేగం ఎక్కువ. ఇది నాలుగు కోర్లది, ఒక్కో కోరూ కాస్త నిదానం. ధరలో పెద్ద తేడా లేదు."

"ఏది మంచిది?"

"ఇద్దరు చురుకైన వంటవాళ్ళు కావాలా, నలుగురు నిదానస్తులు కావాలా? ఒక్క కూర చకచకా దిగాలంటే ఇద్దరు చాలు. పెళ్ళివంటకైతే నలుగురూ ఉండాలి."

"మా ఆవిడ పాట చెబుతుందయ్యా."

"పాట వండించుకునేవాళ్ళు ఇంతవరకూ నా కొట్టుకు రాలేదు దాదా. రెండూ పట్టుకెళ్ళండి. బిగించి చూసుకుని, వద్దనుకున్నది సోమవారం తెచ్చివ్వండి."

తప్పంతా అక్కడే జరిగింది. ఒక్కటే ఇచ్చి ఉంటే అనాదిబాబు నేరుగా ఇంటికి వెళ్ళేవాడు. చేతిలో రెండు ఉండేసరికి, వీధి మొదట్లో అరుగు మీద టీ తాగుతున్న ఇద్దరిని సలహా అడిగాడు.

ఒకరు హరిసాధన్ భౌమిక్, రైల్వే సిగ్నళ్ళు చూసి రిటైరైనవాడు. వాళ్ళ తాతలు పద్మానది అవతలి నుంచి వచ్చారు; పులస కోసం ప్రాణమిస్తారు. రెండోవాడు హోమియో డాక్టర్ నిఖిలేశ్ శీల్. తరతరాలుగా ఈ ఒడ్డువాడే. రొయ్య తప్ప మరోటి ముట్టడు. ఈ రెండు వర్గాల జట్లకు ఫుట్‌బాల్ ఆట ఉన్నరోజు ఈ ఇళ్ళవాళ్ళు ఆ ఇళ్ళవైపు కిటికీలు మూసుకుంటారు. వాన పడుతోందన్న విషయం మీద కూడా ఈ ఇద్దరికీ ఏకాభిప్రాయం లేదు.

భౌమిక్ రెండు కోర్లదాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "ఇదే. వేగమంటే వేగం. అచ్చం పులస. ఏటికి ఎదురీదుతుంది."

డాక్టర్ అప్పటిదాకా ప్రాసెసర్ అనే వస్తువును చూసి ఎరగడు. అయినా క్షణం ఆలస్యం చేయలేదు. "నాలుగు కోర్లది. ఇది రొయ్య. ఎన్ని కాళ్ళుంటే అంత పని. పైగా అదే డబ్బుకు రెండింతల సరుకు!"

"తూచి కొనడానికి ఇవేమన్నా ఉల్లిపాయలటయ్యా?"

"ముళ్ళు ఏరుకుంటూ బతికేవాళ్ళకు లాభనష్టాలేం తెలుస్తాయిలే!"

టీ చల్లారేలోగా వీధి రెండు పార్టీలైంది. పందెం కుదిరింది: రెండూ బిగించి చూడాలి. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ చేపతో వీధికంతటికీ విందు పెట్టాలి. అనాదిబాబును ఎవరూ ఏమీ అడగలేదు. ప్రాసెసర్లు ఆయనవి కనక వెంట రానిచ్చారు.

ఇంట్లో మేనత్త పిసిమా ఉంది. ఆవిడ ఏలుబడిలో ఒంటిమీద గుడ్డలేని వస్తువంటూ ఉండదు. టీవీకి అల్లిక ముసుగు, రేడియోకు కుచ్చుల ముసుగు, గ్యాస్ బండకు పరికిణీ. శీతాకాలంలో ఆవిడ తలకు మంకీ క్యాప్.

"తలుపు వేయండర్రా, చలి!" అంది. భౌమిక్ కంప్యూటర్ డబ్బా మీది గుడ్డ తీసి పక్కన పడేసి, మరలు విప్పడం మొదలుపెట్టాడు. "దాన్నెందుకు కోస్తున్నారు?" అంది పిసిమా.

"ఒంట్లో బాగాలేదు పిసిమా."

"ఎలా బాగుంటుంది? ఒకటే గురగుర. ఛాతీలో చలి చేరింది దానికి."

ఎవరూ వినిపించుకోలేదు. రెండు కోర్లది బిగిసింది, తెర వెలిగింది, పులస పార్టీ ఈల వేసింది. పాట ఒకటి పెట్టి, ఎంతసేపు నడుస్తుందో చూద్దామని అంతా వసారాలోకి టీకి వెళ్ళారు. రెండో కప్పు సగంలో ఉండగా లోపల పాట తెగిపోయింది.

"ఏటికి ఎదురీది అలసిపోయినట్టుంది, పాపం" అన్నాడు డాక్టర్.

నాలుగు కోర్లదాన్ని ఆయన స్వహస్తాలతో బిగించాడు. వేడి లాగడానికి పూయాల్సిన పేస్టును మందు మోతాదులా ఆవగింజంత పూశాడు. ఇదీ వెలిగింది. రొయ్య పార్టీ ఈల మోత వీధి చివరిదాకా వినిపించింది. ఆ ఈల వేయడానికి అంతా మళ్ళీ వసారాలోకే వెళ్ళారు. ఇది ఇంకా తొందరగా ఆరిపోయింది.

భౌమిక్ నాలుగు వేళ్ళు చూపించి ఒక్కొక్కటే ముడిచాడు.

ఉడుక్కున్న డాక్టర్ వైద్యానికి దిగాడు. "అనాదీ, రోగం పొద్దున ఎక్కువా, సాయంత్రమా? నలుగురిలో ఉన్నప్పుడా, ఒంటరిగా ఉన్నప్పుడా?"

"ఇవాళైతే ఒంటరిగా ఉన్నప్పుడే డాక్టర్‌గారూ. మనం పక్కనుంటే బాగానే ఉంటుంది."

"భయం! అనుకున్నాను." జేబులోంచి తెల్ల మాత్రలు తీసి, కంప్యూటర్‌కు నోరు లేదు కనక అనాదిబాబు నోట్లో వేశాడు.

ఆ తర్వాత మీవాళ్ళే ఏదో చేశారంటే మీవాళ్ళే చేశారనుకున్నారు. కేకలు వసారా దాటి వీధిలోకి పోయాయి. ఎవరు ఓడినా ఉపయోగపడుతుందని ఎవరో చేపలవాణ్ణి పిలుచుకొచ్చారు. అనాదిబాబు అన్నం చల్లారింది, కునుకు గాలికి పోయింది. అటకవైపు చూడ్డానికి కూడా ఆయనకు ధైర్యం చాలలేదు.

నాలుగు దాటాక సుపర్ణ వచ్చింది. వీధిలోని తిరునాళ్ళను తోసుకుని పాటగదిలోకి అడుగుపెట్టి, గుమ్మంలోనే ఆగి కొంగు సర్దుకుంది. హార్మోనియం పక్కన ఎవరో పొట్టి పెద్దాయన శాలువా, పైన బొంత, ఆపైన మంకీ క్యాప్‌తో ముడుచుకుని కూర్చున్నాడు. పిసిమా ఆయన వీపు నిమురుతోంది.

"ఎవరు పిసిమా వచ్చింది?"

"ఎవరేమిటే? మీ కంప్యూటర్. డాక్టర్ కూడా వచ్చాడంటే ఇక లాభం లేదనుకుని, ఉన్నవన్నీ కప్పేశాను."

"ఎప్పట్నుంచి కప్పుతున్నారు?"

"చలి పడ్డప్పట్నుంచీ. నువ్వు కళ్ళు మూసుకుని పాట ఎత్తుకుంటే చాలు, ఇది గురగుర మొదలెడుతుంది. నీ పాట మధ్యలో ఇది దగ్గడమేమిటని..." పిసిమా బొంత అంచు సర్దింది. "ఇన్నేళ్ళకు పాడుతున్నావు కదే తల్లీ."

సుపర్ణ గోడకు ఆనుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. నవ్వు ఎక్కడ అయిందో, ఏడుపు ఎక్కడ మొదలైందో ఆమెకే తెలియలేదు. పిసిమాను గట్టిగా వాటేసుకుంది. తర్వాత మొగుణ్ణి పిలిచింది.

"ఈ గుడ్డ రోజూ మీ కంటికి కనిపించలేదా?"

"ఈ ఇంట్లో గుడ్డ లేకపోతే కదా కనిపించేది!" అన్నాడు అనాదిబాబు.

చచ్చిందనుకుని మొదట తీసేసిన అసలు ప్రాసెసర్ అనాదిబాబు చొక్కా జేబులో ఉంది. భౌమిక్ బిగించాడు, డాక్టర్ పేస్టు పూశాడు. ఆ ఇద్దరూ కలిసి చేసిన మొదటి పని అదే. అయిదింటికి సుపర్ణ గొంతు విప్పింది. ఆరోహణ దాటింది, అవరోహణ దిగింది, పూర్తి పాటలోకి వెళ్ళింది. అగర్తలా పిల్ల "ఇంకోసారి పాడండి దిదీ" అంది. మెట్ల మీద రెండు పార్టీలూ కిక్కురుమనకుండా విన్నాయి. పిసిమా మాత్రం బట్టల్లేని డబ్బాను దిగులుగా చూస్తూ, తన చేతులు తానే పట్టుకుని కూర్చుంది. అనాదిబాబుకు తన పెళ్ళినాడు కూడా అంత సంతోషం కలగలేదు.

రెండు పార్టీలూ ఓడాయి కనక ఆదివారం విందుకు పులసా వచ్చింది, రొయ్యా వచ్చింది.

సోమవారం పొద్దున రెండు ప్రాసెసర్లూ తిరిగిచ్చేయడానికి అనాదిబాబు బయల్దేరాడు. అరుగు మీద భౌమిక్, డాక్టర్ అప్పటికే గొంతులు పెంచారు: కంప్యూటర్‌కు ఊపిరాడకుండా చేసింది శాలువానా, బొంతా? ఆయన వాళ్ళను తప్పించుకునేలోగా పిసిమా వెనకాలే వచ్చి, కంప్యూటర్ మీంచి తీసిన మంకీ క్యాప్‌ను మేనల్లుడి నెత్తిన దిగలాగి, గడ్డం కింద గుండీ పెట్టింది.

అనాదిబాబు దారిలో ఎక్కడా ఆరిపోకుండా చాందనీ చేరాడు.