చెరువుకు నేను చేసిన ఉపకారం

సక్కర్ చేపను తిట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట! మా ఊరి చెరువును అది నాశనం చేస్తోందట. నాశనమా? ఆ చెరువుకు ఇన్నేళ్ళలో జరిగిన ఒకే ఒక్క మేలు అది. అంత గట్టిగా ఎలా చెప్తున్నావంటారా? దాన్ని అందులో వదిలింది నేనే కాబట్టి.

అక్వేరియం షాపువాడు అమ్మినప్పుడు అది నా బొటనవేలంత ఉంది. "గాజు మీరు తోమక్కర్లేదు సార్. పాచంతా ఇదే నాకేస్తుంది," అన్నాడు. నిజమే! నోరు పొట్టవైపు ఉంటుంది. ఆ నోటితో గాజుకు అతుక్కుని పాచి గీకుతూనే ఉండేది. మా ఇంట్లో ఎదురు మాట్లాడకుండా పనిచేసింది అదొక్కటే.

ఏడాదిన్నరకు మోచేతి పొడవైంది. తోక ఆడిస్తే హాలంతా నీళ్ళు!

"కడిగే పని తప్పుతుందని తెచ్చారు. ఇప్పుడు హాలు కడగలేక చస్తున్నా. అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి," అంది మా ఆవిడ.

బాగా ఆలోచించి ఆవిడనే ఉంచుకున్నాను. చేపకు స్వేచ్ఛ ప్రసాదించి, గట్టు మీద ఫొటో దిగాను. ఊళ్ళో నాలాంటి ఉదారులు ఇంకా చాలామంది ఉన్నారని తర్వాత తెలిసింది. ఆ విధంగా నా చేపకు జోడీ కుదిరింది.

దాని సంసారం చూసి ముచ్చటపడాలి! గట్టులో బొరియ తవ్వి, అందులో పెట్టిన గుడ్లకు మగచేప కాపలా కాస్తుంది. మనలో ఎంతమంది తండ్రులు పిల్లల స్కూలు మీటింగుకైనా వెళ్తున్నారు? గట్టు రెండుచోట్ల కూలిందంటారు. ఆదర్శ కుటుంబానికి ఆ మాత్రం చోటివ్వలేమా? ఒంటినిండా ఎముకల కవచం. పుట్టిన నదుల్లో దాన్ని మింగే జీవులున్నాయట, ఇక్కడ ఒక్కటీ లేదు. పాచితో పాటు పక్క చేపల గుడ్లు కూడా ఊడ్చేస్తుంది. శుభ్రత అంటే అదీ!

అందరికంటే జాలరికి ఇదంతా అస్సలు నచ్చలేదు. మా వీధికి చేపలు తెచ్చే ఆ ముసలాయన మొన్న ఖాళీ గంపతో వచ్చాడు. భుజాన వల, వల నిండా చిల్లులు.

"ఎప్పుడేసినా అవే పడుతున్నాయి బాబూ. కొనేవాడు లేడు, తినేవాడు లేడు. వాటి ముళ్ళకి వల చిరగడం, మా ఆడది కూర్చుని కుట్టడం. దానికా కళ్ళు ఆనట్లేదు. ఇంక వల మానేస్తా. ఎక్కడైనా వాచ్‌మన్ పనుంటే చెప్పండి."

నలభై ఏళ్ళు నీళ్ళలో బతికిన మనిషి, ఎవరి గేటు ముందో స్టూలు మీద కూర్చోవడం నా కళ్ళకు కట్టింది. సిగ్గేసింది, నిజంగానే. చెప్పేద్దామని నోరు తెరిచాను. తెరిచి, "జనానికి బొత్తిగా బాధ్యత లేకుండా పోయింది," అన్నాను.

"మీరు పేపర్లో రాస్తారు కదా బాబూ, ఇదీ రాయండి. వదిలినోళ్ళు చదివి బుద్ధి తెచ్చుకుంటారు," అన్నాడు ఆశగా.

రాశాను. వదిలినవాడు చదివాడు కూడా. తప్పులు దిద్ది మరీ పేపరుకు పంపాడు. ముసలాయనకు చదువు రాదని వాడికి బాగా తెలుసు.