గుమ్మెన్‌ఘాట్‌కు డైరెక్ట్ ఫ్లైట్ లేదు

వేసవిలో ఒంటరిగా యూరప్ వెళ్లి నాలుగు రోజులు తిరిగి రావడానికి ఊరు ఎంచుకోవడం కష్టమని మీకు ఎవరు చెప్పారు? అంతకన్నా సులువైన పని లోకంలో లేదు. వెబ్‌సైట్లు అక్కర్లేదు, రివ్యూలు అక్కర్లేదు. మీకు బాగా కావలసిన మనిషి ఒకరు పోతే చాలు!

కోప్పడకండి. నేను గుమ్మఘట్టలో తెలుగు చెప్పే టీచరును. మాట తూచి వాడటం నా ఉద్యోగం. తూచే అంటున్నాను.

ముందు, ఆ మనిషి ఉన్నప్పుడు ఊరు ఎంచుకోవడం ఎంత నరకమో చెబుతాను. మా బడిలో సోషల్ చెప్పే ఆరీఫా, నేను కలిసి ఈ సెలవుల్లో యూరప్‌లో ఏదో ఒక ఊరు చూసి రావాలనుకున్నాం. ఇద్దరికీ పాస్‌పోర్టులు వచ్చాయి. ఊరు మాత్రం తేలలేదు! స్టాఫ్‌రూమ్ గోడకున్న మ్యాపు కింద టిఫిన్ డబ్బాలు తెరవడం, నేనొక పేరు చెప్పడం, ఆమె కొట్టేయడం. రోజూ ఇదే.

వెనిస్ అన్నాను. "ఇండ్లల్లోకి నీళ్లొస్తే మనోళ్లు కలెక్టరుకు అర్జీ పెడతారు. వాళ్లు టికెట్ పెట్టినారా?" అంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఎలుగుబంట్లను చూపిస్తారట అన్నాను. "ఎలుగుబంటిని చూసేకి ఇమానం ఎక్కల్నా? కొండకింద శెనక్కాయ చేన్లో పొద్దుగూకినాక నిలబడు, అదే వచ్చి నిన్ను చూసిపోతాది" అంది. రోమ్ అంటే, "పాత గోడలు, మండే ఎండ. రాయదుర్గం కొండెక్కితే సరిపోదా?" అంది.

ఇలాంటి మనిషితో ఎవరైనా ప్రయాణం చేయగలరా?

చలికాలంలో ఆరీఫా జ్వరమని సెలవు పెట్టింది. తిరిగి రాలేదు.

ఇక చూడండి, దారులన్నీ ఎలా తెరుచుకున్నాయో! "ఒక్కరైనా పోయిరండి మేడం, మనసు కుదుటపడుతుంది" అని కనిపించిన ప్రతివారూ చెప్పడం మొదలుపెట్టారు. దీన్ని సోలో ట్రిప్ అంటారట. తోడు లేక ఒక్కరమే తిరగడం అని ఇదివరకు అనేవాళ్లం. ఇప్పుడు దానికి ప్యాకేజీ ఉంది, బ్యానర్ ఉంది, కొండ అంచున చేతులు చాచి నిలబడ్డ అమ్మాయి బొమ్మ ఉంది. తోడు లేకపోవడం ఇంత అందంగా ఉంటుందని నాకు తెలియదు!

మా హెడ్‌మాస్టర్ నరసింహప్పగారికి, నార్వేలో బెర్గెన్ అనే ఊరుంది, అక్కడ ఎప్పుడూ వానేనట, అక్కడికి వెళ్తానని చెప్పాను.

"మంచిది మేడం. మనం వాన చూసి శానా కాలమాయ."

మర్నాడు మనసు మార్చుకుని, వానే పడని ఊరికి వెళ్తానన్నాను.

"అదీ మంచిదే మేడం. తడిసే పనుండదు."

ఇంకోసారి, ఎక్కడికీ వెళ్లను, ఇంట్లోనే కూర్చుని వెళ్లొచ్చినట్టు అనుకుంటానన్నాను.

"అది ఇంకా మంచిది మేడం!"

స్పెషల్ క్లాసు అరగంట జరపమంటే గంటసేపు వాదించిన మనిషి ఈయనే!

రాయదుర్గంలో ట్రావెల్స్ నడిపే సాయిగణేష్ నా పాత విద్యార్థి. సంధి విడదీయమంటే అసలక్కడ సంధే లేదని నాతో వాదించినవాడు. వాడినైనా పరీక్షించాలని, మా మండలం పేరునే కాస్త ముక్కుతో పలికాను.

"గుమ్మెన్‌ఘాట్ వెళ్దామనుకుంటున్నా సాయీ."

"సూపర్ మేడం! ఇప్పుడు శానామంది ఆడికే పోతాండారు. డైరెక్ట్ ఫ్లైట్ లేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారాల."

"అక్కడ చూడటానికి ఏముంది?"

"ప్రశాంతంగా ఉండాది మేడం. మీకిప్పుడు కావాల్సింది అదే కదా."

బయటికి వస్తే అంగడి ముందు గుమ్మఘట్ట బస్సు కదలబోతోంది. ఎక్కాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారకుండానే ఇల్లు చేరాను.

ఆలోచించండి, ఇంతటి అధికారం ఏ మంత్రికి ఉంది? మంత్రికైనా ప్రతిపక్షం ఉంటుంది. దుఃఖంలో ఉన్నవారికి ఉండదు! కూరలో ఉప్పు ఎక్కువైందా అంటే ఎక్కువైందంటారు, తక్కువైందా అంటే తక్కువైందంటారు. తరగతిలో ఒక పద్యం మూడో పాదం తప్పు చదివాను. ముందు బెంచీ పిల్లలకు తెలిసింది, వాళ్ల ముఖాల్లో కనిపించింది. ఒక్కరూ నోరు విప్పలేదు. టీచరమ్మను ఏమీ అనొద్దని వాళ్లకు ఎవరో చెప్పి ఉంచారు.

ఎంత హాయి! ఈ వరం చేజారేలోపే వాడుకోవాలని పోర్చుగల్‌లో పోర్టో అనే ఊరు ఖాయం చేసుకున్నాను. ఆ మాట చెప్పి రావడానికి ఆదివారం ఆరీఫా వాళ్లమ్మ అమీర్ బీ ఇంటికి వెళ్లాను. ఆమె వసారాలో చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది.

"యాడికి?"

"పోర్టో. సముద్రం ఒడ్డున ఉంటుంది."

"ఎవురితో?"

"ఒక్కదాన్నే."

ఆమె చేతులు ఆగాయి.

"తిక్కా నీకు? ఒక్కదానివే అంత దూరం పోయి, ఆడ బాగలేకపోతే ఎవురిమీద అరుస్తావు?"

పాఠకులారా, చలికాలం నుంచి ఇప్పటిదాకా నన్ను కాదన్న మొదటి మనిషి! "అయితే లిస్బన్" అన్నాను.

"వద్దు."

"ఎందుకు?"

"పేరు బాగలేదు. సబ్బు పేరు మాదిరి ఉండాది."

"సబ్బు పేరైతే ఏం? ఊరు చూడకుండా పేరును బట్టి ఎట్లా చెబుతావు?" నా గొంతు లేచింది. నాకే కొత్తగా వినిపించింది. పక్కింటివాళ్లు ఏమైందోనని గోడమీంచి తొంగిచూశారు.

"సూడకుండా పేరు చెప్పేది నువ్వే. సూడకుండా వద్దనేది నేను. ఇద్దరికీ సమానమే" అంది అమీర్ బీ. సగం చింతపండు చాటలో పోసి నా ముందుకు తోసింది.

"కూచ్చో. గింజలు తీస్తా ఊర్ల పేర్లు చెప్తా ఉండు. నేను వద్దంటా ఉంటా."