వాయిదాకు కట్టిన బండి

కూర్మనాథం కొబ్బరితోట మీద బావమరిది సూర్యం వేసిన దావా దొంగదావా. ఇందులో రెండో మాట లేదు. ఆ తోట కూర్మనాథం భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఆమె పోయి ఏడాది తిరక్కుండానే, తోట తిరిగి తమకే రావాలని ఆమె తమ్ముడు టెక్కలి కోర్టుకెక్కాడు. మూడేళ్ళుగా ఈ ఇంటివాళ్ళు ఆ ఇంటి గడప తొక్కలేదు. శుక్రవారం ఆఖరి వాయిదా. పిలిచినప్పుడు పలకకపోతే తోట పోయినట్టే.

తెల్లవారుజామున బయలుదేరి నాలుగు కోసులు పోతే పలాసలో ఎనిమిది గంటల రైలు అందుతుంది. రైలు అందితే కోర్టు అందుతుంది. అయితే ఆ దారి సగం ఇసుక, సగం గోతులు. పుష్యమాసం కనక పైన మంచు. ఆ దారికి తగిన వాహనం కోసం కూర్మనాథం వారం రోజులు విచారించాడు. మేనా వద్దన్నాడు. మోసేవాళ్ళు కల్లుపాక కనిపిస్తే దించేస్తారు. పలాసకు కొత్తగా వచ్చిన అద్దె మోటారును చూసి, ఇసుకలో దిగబడుతుందని డ్రైవరు ముఖం మీదే చెప్పి వచ్చాడు. చివరికి సంతలో ఒక ఎడ్లజోడు కొన్నాడు. పళ్ళు చూశాడు, గిట్టలు తట్టాడు, సుడులు వెతికాడు.

"జోడు బాగుంది గానీ, దారెరుగునా తమ్ముడా?" అంది అక్క వరహాలమ్మ.

"ఎరగనిది నువ్వే. ఎడ్లకి తెలుసు."

శుక్రవారం మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, బండి తోలే తవిటయ్యకు ఎడ్ల కొమ్ములు కూడా కనిపించలేదు. అలాంటప్పుడు ఉద్దానం బండివాళ్ళు చేసే పనే అతనూ చేశాడు. పగ్గాలు వదిలేశాడు.

"ఏటి సేత్తన్నావురా?"

"మంచులో మన కళ్ళకంటే వాటి కాళ్ళే మేలు బాబూ. లాగితే తప్పుతాయి, వదిలీసినామంటే తప్పవు."

నిజంగానే ఎడ్లు ఎక్కడా తడబడలేదు. గోతులు తప్పించాయి. దారి చీలినచోట ఆగకుండా తిరిగాయి. కూర్మనాథం తన ఎంపికకు తానే తలాడించుకున్నాడు. రెండు గంటలైన తరవాత ఎడ్లు పరుగందుకున్నాయి.

"టేసనొచ్చీసినట్టుంది బాబూ!"

ధనామని శబ్దమైంది. బండి ఇరుసు రెండు రాతిస్తంభాల మధ్య బిగుసుకుపోయింది. ఎడ్లు మెడలు చాచి ఎదురుగా ఉన్న కుడితి గోలెంలో మూతులు పెట్టాయి. మంచులోంచి ఆడగొంతు వినిపించింది.

"ఓలమ్మో! మన ఎర్రోడూ బూడిదోడూ వచ్చీసినారు!"

ఆ గొంతు సూర్యం భార్య బొడ్డమ్మది. ఆ వాకిలి సూర్యందే. సంతలో కూర్మనాథం అన్నీ చూశాడు. ఎడ్లు ఎవరింట పెరిగాయో మాత్రం అడగలేదు.

వాకిలి లోపల, పరిచిన కొబ్బరిమట్టల మీద, అద్దె మోటారు గురగురలాడుతోంది. అందులో అదే రైలుకని కోటు తొడుక్కుని సూర్యం కూర్చున్నాడు. బయటికి దారి ఆ స్తంభాల మధ్య నుంచే. సూర్యం దిగి బండిని చూశాడు, ఎడ్లను చూశాడు, బావను చూశాడు.

"నా ఎడ్లనే కొని నా గుమ్మానికే అడ్డం పెడతావా బావా? ఎంత ఆలోసన!"

"నాను కొంటానని తెలిసే సంతకి తోలినావు. నన్నిక్కడికి రప్పించడానికే!"

"నువ్వు రాకపోతే నాకు పొద్దు గడవదేటి? తియ్యి నీ ఎడ్లని!"

"నీ మాట వింటాయి, నువ్వే తియ్యి!"

బొడ్డమ్మ మొగుడి మీద విరుచుకుపడింది. "మూడేళ్ళకి అన్నయ్య గుమ్మంలోకొచ్చినాడు. రాజీకొచ్చిన మనిషితో అలగేనా మాటాడ్డం?"

రాజీ అన్న మాటకు ఇరుగుపొరుగు పదిమంది వచ్చారు. బండి ఎత్తడానికి కాదు, పెద్దమనుషులుగా కూర్చోవడానికి. "ముందు మాట తెగనీండి. బండెక్కడికి పోద్ది?" అన్నారు.

"రాజీ లేదు!" అని బావా బావమరుదులు ఒక్కసారే అరిచారు. ఇద్దరూ ఒకే మాట మీదికి వచ్చారని పెద్దమనుషులు సంతోషించారు.

ఈలోగా తవిటయ్య చక్రం ఊడదీద్దామని చీల పీకాడు. బండి ఒక పక్కకు ఒరిగి మరింత బిగిసింది. అందరూ లేచి తలో చెయ్యీ వేసేసరికి దూరాన రైలు కూత వినిపించింది. కూర్మనాథం ఇసుకలో కూలబడ్డాడు. ఆ తోటలో ప్రతి మొక్కకూ పోయిన తన భార్య కడవతో నీళ్ళు మోసింది.

సోమవారం కూర్మనాథం ప్లీడరు కామేశ్వరరావు దగ్గర నుంచి కార్డు వచ్చింది. పిలిస్తే ఇద్దరూ లేరు. దావా వేసినవాడే రానప్పుడు దావా ఎందుకని మున్సిఫు కొట్టేశాడు. తోట కూర్మనాథం చేతిలోనే ఉంది. బండి సంగతి అప్పటికే టెక్కలి దాకా పాకినట్టుంది, కింద ఇంకో వాక్యం ఉంది: "వాది వాకిలికి వాది ఎడ్లనే అడ్డుపెట్టిన తమ యుక్తి నా ముప్పయ్యేళ్ళ ప్లీడరీలో ఎరగను."

ఊరంతా అదే అంది. కూర్మనాథం అబద్ధమాడే మనిషి కాదు. దారి తప్పానని రచ్చబండ దగ్గర నిలబడి చెప్పాడు. విన్నవాళ్ళు పడిపడి నవ్వి, అంత గుట్టు గలవాడు కనకనే గెలిచాడన్నారు.

"అక్కకైనా సెప్పవేటి తమ్ముడా? ఈ ఎత్తు ఎన్నాళ్ళ కిందట ఏసినావు?" అని వరహాలమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది.

కూర్మనాథం విస్తరి ముందు నుంచి లేచాడు.

"ఆ బండి మాట ఇంక నా నోట రాదు."