బంద్‌ను ఉల్లంఘించని పురుగు

ప్రపంచంలో బంద్‌ను మించిన క్రమశిక్షణ గల రవాణా వ్యవస్థ లేదు. అందులో ఎవరూ ఎక్కడికీ ఆలస్యంగా చేరరు. అసలు బయల్దేరరు కాబట్టి. 2011 సెప్టెంబరులో, ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనులూ సమ్మె కట్టిన రోజుల్లో, రఘునాథపల్లి దగ్గరి తండాలో మోతీబాయి ఈ వ్యవస్థను లెక్కచేయకుండా కూతురికి సంచి సర్దుతోంది.

సంచి అడుగున ఆ కూతురు ప్రియ చేసిన మరమనిషి ఉంది. (మనిషి అనడం మర్యాదకే. చూడటానికి గొంగళిపురుగు.) ఇంజినీరింగు చివరి ఏడాదిలో ఉన్న ప్రియ, పిల్లలు కాగితంతో పడవ చేసినట్టు, ఒకే ఒక్క ప్లాస్టిక్ షీటును మడిచి దాన్ని చేసింది. మడతల్లో సన్నని తీగలున్నాయి. కరెంటు తగిలితే తీగ ముడుచుకుని మడత మూసుకుంటుంది, చల్లబడితే తెరుచుకుంటుంది. అలా పాకుతుంది. హైదరాబాదులో పోటీ. గెలిస్తే బెంగళూరు ప్రయోగశాలలో ఉద్యోగం. (నిర్వాహకులు బెంగళూరువాళ్లు, సమ్మె సంగతి వాళ్లకింకా చేరలేదు.)

పురుగు మీద జొన్నరొట్టెలు పెట్టవచ్చా అని మోతీబాయి అడిగింది.

"పెట్టు యాడీ. తొక్కినా ఏం కాదు దానికి," అని అమ్మకు జవాబిచ్చింది ప్రియ.

రొట్టెలైతే పెట్టింది గానీ, పిల్లను ఒంటరిగా పంపడానికి మోతీబాయికి ధైర్యం చాలలేదు. ఆ ఇంట్లో సంచి సర్దుకుని పోయినవాళ్లెవరూ చెప్పిన రోజుకు రాలేదు. జిప్పు వేసి, తీసి, మళ్లీ వేసి, రోడ్డు దాకా తానూ బయల్దేరింది.

హైవే మీద వంటావార్పు నడుస్తోంది. రోడ్డు మధ్యన పొయ్యిలు పెట్టి, వండుకుని తిని నిరసన తెలిపే కార్యక్రమం అది. దాని కన్వీనరు వెంకట్రాం, ఊళ్లో పెద్ద రైతు. ఆయన మొదటి నిబంధన: చక్రం తిరగరాదు. రెండోది: పాలవ్యాన్‌కు మినహాయింపు. (టీ లేకుండా ఏ ఉద్యమమూ సాగిన దాఖలా లేదు.)

ఆయన సంచి విప్పించాడు.

"గిదేంది?"

"రోబో సారు. మడతలతోని చేసిన."

"చక్రాలున్నయా?"

"లేవు."

శిబిరంలో కూర్చున్న తండా పెద్ద జాల్యాకు అనుమానం వచ్చింది. "కాళ్లన్న ఉన్నయా బిడ్డా?"

"మడతలే కాళ్లు, కాకా."

వెంటనే చలన నిర్ధారణ ఉపసంఘం ఏర్పడింది. పురుగును జంపఖానా మీద వదిలారు. అది రెండు పొయ్యిల సందులో ఒళ్లు సన్నం చేసుకుని దూరి, అటు చివర తేలేసరికి అన్నం ఉడికింది. దాని మెడలో ఉద్యమ కండువా వేయబోయిన సభ్యుడొకరు, మెడ ఎక్కడుందో తేలక విరమించుకున్నారు. తీర్పు వెలువడింది: పురుగు వాహనం కాదు, పాదచారి. దానికి బంద్ వర్తించదు. ప్రియకు వర్తిస్తుంది, ఆమె బస్సెక్కే స్వభావం కలది కనుక.

నడిచి హైదరాబాదు చేరాలంటే పురుగుకు వానాకాలం, యాసంగి రెండూ పడతాయని లెక్క తేలింది. అందుకని పాలవ్యాన్‌లో పంపాలని తీర్మానించారు.

"పటేలా, పిల్లను గూడ ఎక్కించుకోండ్రి. క్యాన్ల నడుమ జర ఒదిగి కూసుంటది," అంది మోతీబాయి.

"ఉద్యమం అందరికి ఒక్కతీరు, మోతీబాయీ. మనిషికో తీరు వెట్టొద్దు."

"నేను పోకుంటే దాని గురించి ఎవలు చెప్తరు సారు?" అంది ప్రియ.

సమంజసమైన ప్రశ్నే. పురుగు వెంట బాధ్యత గల ప్రతినిధి ఉండాలని మూడో నిబంధన అక్కడికక్కడే పుట్టింది. చేతులెత్తమనేసరికే వెంకట్రాం చెయ్యి పైన ఉంది. ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. రొట్టెలు కూడా ఆయన ఒళ్లోకే వెళ్లాయి.

పురుగు ఎలా పనిచేస్తుందని పోటీలో అడిగారట. వెంకట్రాం గంటసేపు ఆత్మగౌరవం గురించి మాట్లాడాడు. పురుగుకు మొదటి బహుమతి, ఆయనకు శాలువా వచ్చాయి. ఆ శాలువాతోనే ఉద్యమ రాష్ట్ర కమిటీలోకి తీసుకున్నారు. ఉద్యోగం మాత్రం తయారుచేసినవాళ్లే హాజరై అందుకోవాలట. హాజరైన వేరొకరికి ఇచ్చారు. మూడోనాడు ఖాళీ పాలక్యానులో పురుగు తిరిగొచ్చింది, ఎక్కడా నలగకుండా.

రాష్ట్రం 2014 జూన్ రెండున వచ్చింది. 2011 సెప్టెంబరు 27న పాలవ్యాన్ ఎక్కిన వెంకట్రాం ఇంతవరకు రాలేదు.