కరీం భాయ్ కుశలమే

వికలాంగుల పింఛన్ల మంజూరులో ఆలస్యాన్ని ప్రభుత్వం రద్దు చేసిందని పేపర్లో చదివి నేను ఎంతో సంతోషించాను. తగ్గించడం కాదు, అరికట్టడం కాదు, ఏకంగా రద్దు. మంత్రిగారు విలేకరుల ముందు బల్ల గుద్ది మరీ ప్రకటించారు. నిజానికి ఈ రద్దు ఉగాది నుంచే అమల్లోకి రావలసింది. జీవో మీద సంతకం పెట్టవలసిన పెద్దమనిషి సెలవులో ఉండడం వల్ల దసరా దాకా ఆగింది. పాపం, మనిషన్నాక సెలవు పెట్టడా?

ఈ వార్తతో నాకేం పని అంటారేమో. మా కరీం భాయ్ సంగతి చెబితే మీకే అర్థమవుతుంది. పాతబస్తీ పత్తర్‌గట్టిలో మాకు తాతల నాటి స్టీలు సామాన్ల దుకాణం ఉంది. నా చిన్నప్పటి నుంచీ కరీం భాయ్ దాని ముందే పండ్ల బండి పెట్టేవాడు. గిరాకీకి అడ్డమని మా నాన్న రోజూ ఆయన్ను తిట్టేవాడు, రోజూ ఆయన దగ్గరే పండ్లు కొనేవాడు. రెండేళ్ల కిందట ఒక లారీ వెనక్కి వస్తూ బండినీ, కరీం భాయ్ కుడికాలినీ కలిపి తొక్కేసింది. బండిని కట్టెల కింద అమ్మేశారు. కాలిని మోకాలి కింది నుంచి తీసేశారు.

అప్పటి నుంచి ఆయన భార్య షౌకత్ బీ ఫంక్షన్ హాళ్లలో గిన్నెలు తోముతోంది. అరవై దాటిన మనిషి. బిర్యానీ బగోనెల ముందు కూర్చుంటే మళ్లీ లేవడానికి ఎవరో ఒకరు రెక్క పట్టుకోవాలి. పింఛను వస్తే ఆమెను ఆ పని మాన్పించాలని కరీం భాయ్ కోరిక. అంతకు మించి ఆయన ఏ ప్రభుత్వాన్నీ ఏమీ అడగలేదు.

రద్దుకు ముందు పనులు కొంచెం నిదానంగా జరిగేవి, ఉన్న మాట చెప్పుకోవాలి. పింఛను కావాలంటే సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్ కావాలంటే డాక్టర్ల క్యాంపులో స్లాట్ దొరకాలి. స్లాట్ దొరికిన రోజు ఎముకల డాక్టరు ఉండడు, ఆయన ఉంటే కరెంటు ఉండదు. మేము పోయిన రోజుల్లో ఆయన ఒక్కనాడూ లేడు కనుక కరెంటు సంగతి ఇతరులు చెప్పగా విన్నదే. ఒకనాడు గుమాస్తా మాత్రం దొరికాడు.

"కాలు ఎప్పటి సంది లేదు?"

"రెండేండ్ల సంది, సాబ్."

"టెంపరరీయా, పర్మనెంటా?"

కరీం భాయ్ నా మొహం చూశాడు. నేను గుమాస్తా మొహం చూశాను. అందులో నవ్వు జాడ లేదు.

"గదేంది సార్, మళ్ల మొలుస్తదా?" అన్నాను.

"నాకేం ఎర్క? నేనేమన్న డాక్టర్‌నా? మొలవదని డాక్టర్‌తోని రాయించుక రాండ్రి."

బాధ్యత ఎరిగిన ఉద్యోగి. తన పరిధిలో లేని విషయం మీద నోరు జారడు. ఇలాంటివాళ్లు ఉండబట్టే ప్రభుత్వం ఇంకా నిలబడి ఉంది.

ఈ చిక్కులన్నీ తీర్చడానికే ఆలస్య నిర్మూలన విభాగమని కొత్తగా ఒకటి తెరిచి, ప్రేమ్‌రాజ్ గారిని దానికి స్పెషల్ ఆఫీసరుగా వేశారు. చురుకైన మనిషి. మెట్లు రెండేసి ఎక్కుతాడు, ఫోన్లు మూడు పెట్టుకుంటాడు. వచ్చిన వారంలోనే ఛత్రినాకలో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడి, 'ఆలస్యం కాకుండా ఏం చేయాలి' అని అవగాహన సదస్సు పెట్టించాడు. పొద్దున అని చెప్పిన సదస్సు మధ్యాహ్నం మొదలైంది. దాన్ని ఆలస్యం అనడానికి వీల్లేదు, అది రద్దయింది కదా.

కరీం భాయ్‌ని ఆటోలో ఎక్కించుకొని నేనూ పోయాను. హాలు నిండా చంకకర్రలూ, చక్రాల కుర్చీలూ. ప్రేమ్‌రాజ్ గారు తెర మీద రంగురంగుల గీతలు వేసి చూపించారు.

"మేము వారం దినాలు స్టడీ చేసినం. ఆలస్యానికి రూట్ కాజ్ దొరికింది. దరఖాస్తు వస్తనే గడియారం మొదలైతది. అంటే ఏంది? ఆలస్యం దరఖాస్తులతోనే వస్తున్నది. మీరు సహకరించాలె."

"అంటే దరఖాస్తులు పెట్టొద్దా సార్?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"నేను గట్లనలే. తొందరపడి పెట్టొద్దంటున్న."

చప్పట్లు కొట్టించారు. తరువాత ఆయన అసలు పథకం బయటపెట్టాడు. ఇక మీదట వికలాంగులు డాక్టరు కోసం తిరగనక్కర్లేదు. ఆఫీసే వాళ్లకు ఫోను చేసి, ఎలా ఉన్నారో అడిగి, చెప్పిన జవాబును కంప్యూటర్లో ఎక్కించి, అక్కడికక్కడే కేసు తేలుస్తుంది. పేరు 'కుశల ప్రశ్న'. ఇంత సులువైన ఉపాయం ఇన్నేళ్లుగా ఎవరికీ తట్టకపోవడం నాకు వింతగా తోచింది.

నాలుగు రోజులకు ఆ ఫోను రానే వచ్చింది. కరీం భాయ్ మా దుకాణంలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు చెవి కొంచెం మందం, అందుకని స్పీకర్ నొక్కాను. అటునుంచి ఒక ఆడపిల్ల గొంతు, చక్కెర పాకంలో ముంచి తీసినట్టుంది.

"నమస్కారం కరీం గారు, మీరు ఎలా ఉన్నారు?"

"అల్లా కా షుకర్ హై, బేటీ. మస్తు మంచిగున్న. నువ్వు మంచిగున్నవా? అమ్మా నాయిన మంచిగున్నరా?"

"బాగున్నారండి. ధన్యవాదాలు. శుభదినం."

ఫోను పెట్టేసింది. కరీం భాయ్ మొహం వెలిగిపోతోంది.

"చూసినవా సేఠ్, సర్కారోళ్లు ఎంత తమీజ్‌తోని మాట్లాడుతున్నరో."

నేను తల పట్టుకున్నాను. ఏం చేయను? మా పాతబస్తీలో ఎవరైనా ఖైరియత్ అడిగితే బాగున్నాననే చెప్పాలి. ఇల్లు కూలినా, జేబు తెగినా, ముందు షుకర్ అనాలి, తరువాత ఎదుటివాడి ఇంటిల్లిపాదినీ పేరుపేరునా అడగాలి. కష్టం చెప్పుకోవాలంటే చాయ్ రెండోసారి వచ్చేదాకా ఆగాలి. ఫోనులో చాయ్ ఎక్కడిది?

మరునాడే ప్రేమ్‌రాజ్ గారి ఆఫీసుకు పరుగెత్తాను. ఆయన ట్యాబ్ తెరిచి చూపించాడు.

"దరఖాస్తుదారు మంచిగున్నట్టు స్వయంగా తెలిపిండు. ఇగో, రికార్డింగ్ గూడ ఉన్నది. వింటరా?"

"సార్, అది మర్యాదకు అన్న మాట."

"మర్యాదకు మా తాన కాలమ్ లేదు."

"కాలు లేదు సార్ ఆయనకు."

"గదే గమ్మతి. కాలు లేకున్నా మంచిగున్ననంటున్నడు. గసొంటి పాజిటివ్ మనిషి గురించి మంత్రిగారికి చెప్పాలె."

మాట తప్పే మనిషి కాదు, నిజంగానే చెప్పాడు. ఆలస్యం రద్దయి వంద రోజులైన సందర్భంగా అదే ఫంక్షన్ హాల్లో విజయోత్సవం పెట్టారు. వేదిక మీద మంత్రిగారు కరీం భాయ్‌ని స్వయంగా పలకరిస్తారట. ఆయన జవాబును బట్టి ప్రేమ్‌రాజ్ గారు ట్యాబ్‌లో అక్కడికక్కడే ఆర్డరు నొక్కుతారట.

"ఇది లాస్ట్ ఛాన్స్. ఉన్నదున్నట్టు చెప్పమనుండ్రి," అన్నాడు దయతో.

ఇక ఛత్రినాకలో కరీం భాయ్ ఇంట్లో తాలీము మొదలైంది. నేను మంత్రిని. షౌకత్ బీ జనం.

"కరీం భాయ్, ఎట్లున్నవ్?" అన్నాను, కండువా సర్దుకుంటున్నట్టు నటిస్తూ.

"అల్లా కా షుకర్..."

షౌకత్ బీ నుదురు కొట్టుకుంది. "మంచిగ లేనని చెప్పుండ్రి. నాలుక అరిగిపోతదా?"

"సాబ్ అంత దూరం నుంచి వచ్చి ఖైరియత్ అడుగుతే, మొకం మీద లేనని అంటరా? ఏం అనుకుంటడు?"

"కాలు లేదనుకుంటడు. ఉన్న మాటనే కదా."

"మా అబ్బాజాన్ పోయేటప్పుడు డాక్టర్ అడిగిండు, ఎట్లున్నవ్ బాబా అని. దువా హై, ఫస్ట్ క్లాస్ అన్నడు. గదే ఆఖరి మాట. నేనేమో మంత్రి ముందట ఏడ్వాల్నా?"

"మీ అబ్బాజాన్ బగోనెలు తోమలే," అంది షౌకత్ బీ నెమ్మదిగా.

కరీం భాయ్ తల వంచుకున్నాడు. చివరికి ఆయనే దారి చెప్పాడు. నోటితో ఏమీ అనడట. మంత్రి అడగగానే పైజామా అంచు పైకి లాగి చూపిస్తాడట. అది అబద్ధమూ కాదు, అమర్యాదా కాదు. చీకటి పడేదాకా అదే సాధన చేశాం. నేను అడగడం, ఆయన లాగడం.

విజయోత్సవానికి హాలు కిక్కిరిసిపోయింది. షౌకత్ బీ పండగ బుర్ఖా వేసుకొని ముందు వరుసలో కూర్చుంది. కార్యకర్తలు ఇద్దరు కరీం భాయ్‌ని వేదిక మీదికి ఎత్తుకుపోయి, మైకు దగ్గర ఒకే ఒక్క కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మంత్రిగారు సోఫాలోంచి లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. కెమెరాలు మీదమీదికి వచ్చాయి. ప్రేమ్‌రాజ్ గారి వేలు ట్యాబ్ మీద సిద్ధంగా ఉంది.

"ఎట్లున్నవ్, కరీం భాయ్?"

కరీం భాయ్ పెదవులు బిగించాడు. చెయ్యి పైజామా అంచు మీదికి పోయింది. సరిగ్గా అప్పుడే మంత్రిగారు "అబ్బ" అని మోకాలు పట్టుకున్నారు.

"ఏమైంది సాబ్?" అన్నాడు కరీం భాయ్. అంచు వదిలేశాడు.

"ఏం లేదు భాయ్. పొద్దుగాల సంది మీటింగులు, నిలబడి నిలబడి మోకాలు గుంజుతున్నది."

కరీం భాయ్ చంకకర్ర అందుకొని లేచి నిలబడ్డాడు. "ఈడ కూసోండ్రి సాబ్."

"అరె వద్దు, నువ్వు కూసో."

"నాకేంది సాబ్? అల్లా కా షుకర్, మస్తు మంచిగున్న. మీరు కూసోండ్రి."

మంత్రిగారు కూర్చున్నారు. హాలు చప్పట్లతో మారుమోగింది. ప్రేమ్‌రాజ్ గారి వేలు కిందికి దిగింది. ఇన్నాళ్లూ మాకు కంటికి కనబడని ఎముకల డాక్టరు ఎక్కడి నుంచో ఊడిపడి, వేదిక ఎక్కి, మోకరిల్లి, మంత్రిగారి మోకాలు ఒత్తడం మొదలుపెట్టాడు. ఆయన చేతిలో మంచి పనితనం ఉంది. ఆ హాయికి మంత్రిగారు వికలాంగుల ఆత్మగౌరవం మీద చాలాసేపు మాట్లాడారు. అంతసేపూ కరీం భాయ్ ఆయన పక్కనే ఒంటికాలి మీద నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక చప్పట్లు కొట్టాను. ముందు వరుస చూస్తే షౌకత్ బీ కుర్చీ ఖాళీగా ఉంది.

సభ ముగిసి భోజనాలు నడుస్తుండగా కరీం భాయ్ ఫోనుకు మెసేజ్ వచ్చింది. చదివి వినిపించాను. 'దరఖాస్తుదారు మంచిగా ఉన్నట్టు గౌరవ మంత్రివర్యుల సమక్షంలో ధ్రువీకరించినందున మీ కేసు ఈ రోజే పరిష్కరించబడింది.' ప్లేటుతో అటు వచ్చిన ప్రేమ్‌రాజ్ గారు నా భుజం తట్టారు.

"చూసిండ్రా? ఒక్క దినం గూడ లేట్ కాలే. స్టేట్‌ల రికార్డ్ ఇది."

షౌకత్ బీ కోసం వెతుక్కుంటూ హాలు వెనక్కి పోయాం. వంటవాళ్లకు ఆమె తెలిసిన మనిషే. ఎలాగూ వచ్చింది కదా అని పని అప్పజెప్పారు. పండగ బుర్ఖా మడిచి గోడ మీద పెట్టి, మంత్రిగారి విందు బగోనెలు ముందేసుకొని తోముతోంది. కరీం భాయ్ చంకకర్ర ఆనించుకుంటూ ఆమె దగ్గరికి పోయాడు.

"మాఫ్ చెయ్యి," అన్నాడు.

ఆమె తల ఎత్తలేదు. పీచు తిప్పుతూనే ఉంది. ఇంతలో ఆయన ఫోను మోగింది. నేను స్పీకర్ నొక్కాను. అదే చక్కెర గొంతు.

"నమస్కారమండి. మీ కేసు ఈ రోజు పరిష్కారమైంది. మా సేవలు మీకు ఎలా ఉన్నాయో చెప్పగలరా?"

కరీం భాయ్ ఫోను భార్య చేతికిచ్చాడు. "నువ్వే మాట్లాడు. నాతోని కాదు."

షౌకత్ బీ సబ్బు చెయ్యి కొంగుకు తుడుచుకొని ఫోను తీసుకుంది. ఈ రెండేళ్ల కడుపుమంటా ఇప్పుడు బయటికి వస్తుందని నేను రెండడుగులు వెనక్కి జరిగాను. ఆమె ఒక్క క్షణం ఆ బగోనెల కుప్ప వైపు చూసింది.

"మంచిగున్నయి బేటీ," అంది. "నువ్వు అన్నం తిన్నవా?"